నానబెట్టిన గుంత

నిన్న సాయంత్రం నేను తవ్విన గుంత
తెల్లారేసరికి నన్ను గుర్తుపట్టలేదు.
నాలుగు బిందెల నీళ్లు తాగి
గోడలు ఉబ్బి
నోరు మూసుకొని కూర్చుంది.

పరకాల దాటినంక మట్టిబాట మీద ఏడు కిలోమీటర్లు.
కుమ్మరి కనకవ్వకు మిగిలిన రెండు గుంటల జాగ.
ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది వరుసలో ఉంది.
చెంబు పట్టుకొని పత్తిచేను గట్టుదాకా
ఇక నడవలేదు.

"ఎండకాలం ఒక సారు అచ్చిండు బిడ్డా.
పర్రెల్ల బిందెడు కుమ్మరిస్తే గుటుక్కున మింగింది.
మంచి భూమి అని రాసుకపోయిండు."

ఎండల్లో నల్లరేగడి మాట
సంబంధం కలుపుకొనేటప్పటి మాట.
నాలుగు వానలు పడ్డాక చూడాలి దాని గుణం.

అందుకే రాత్రంతా నానబెట్టాను.
అడుగున గులకరాళ్లు పరిచి, ఆరంగుళాల నీళ్లు పోసి,
స్కేలు కట్టిన వెదురుపుల్ల నిలబెట్టి
ఫోన్‌లో అరగంటకు అలారం పెట్టాను.

అరగంట అంటే ఎంతసేపో
గుంత పక్కన గొంతుక్కూర్చున్నవాళ్లకే తెలుసు.
ఒక కప్ప వచ్చి, తొంగిచూసి, పోయింది.
హన్మకొండలో మూడో అంతస్తు మాది.
మీట నొక్కితే నాలుగు సెకన్లు.
అది ఎటు పోతుందో
ఇన్నేళ్లలో ఒక్కసారీ కొలవలేదు.

కనకవ్వ నడుం వంచకుండానే చెయ్యి చాపి అడిగింది:
"ఇగో, ఒక పెల్ల ఇటియ్యి."
బొటనవేలితో ఒత్తుతూ పోతే
వేళ్ల మీంచి నల్లటి పట్టీ దిగింది,
రెండంగుళాలు దాటినా తెగలేదు.
మాకు ఈ పరీక్ష నేర్పడానికి
ఏసీ హాల్లో రెండు రోజులు పట్టింది, భోజనాలతో సహా.
ఆమెకు అత్త నేర్పిందట, తిట్లతో సహా.

"మా మామ మట్టి తీసిన జాగనే ఇది.
దీంతోని చేసిన కుండ ఒక్కటి కారలే.
నీళ్లను పట్టుకొనుడే నేర్పినం గద దీనికి,
ఇప్పుడు ఇడిసిపెట్టుమంటే
ఎట్ల ఇడుస్తది?"

అలారం మోగింది.
స్కేలు మీద ఒక్క గీత. అదీ చిన్న గీత.

పైఅంచున ఎర్రచెల్క ఉంది, రెండడుగుల కింద మొరం.
అక్కడ తవ్విన గుంత మాత్రం
దూపగొన్న ఎద్దు తొట్టి ఖాళీ చేసినట్టు తాగింది.
పన్నెండు నిమిషాలకు అంగుళం.
చిట్టీలో రాసుకుంటుంటే చెయ్యి తేలికైంది,
తలెత్తితే మొగిలి బోరు కనబడేదాకా.

మొగిలే వచ్చి టేపు కొస పట్టుకున్నాడు.
కేసింగు పైపుకు ఆనించాడు.
నలభైఒక్క అడుగులు.
కావలసింది యాభై.
నేను ఇంకోసారి లాగి చూశాను.
టేపు ఇనుపది, సాగలేదు.

అతను ఆమె మోకాలివైపు చూశాడు.
"మా చిన్నది ఈ నీళ్లే తాగుతది" అన్నాడు,
తప్పు చేసినోడిలా.
"ఎత్తుమతి నాకు తెల్వదా," అంది కనకవ్వ,
"ఆ గుంత పూడ్సున్రి ముందు."

ఫారంలో రెండే గళ్లు:
అనుకూలం, అననుకూలం.
మూడో గడి లేదు కాబట్టి మార్జిన్‌లో చిన్నక్షరాలతో రాశాను:
దిగువ మూలన ఎత్తుదిబ్బ పోస్తే కుదురుతుంది,
మూడడుగుల ఇసుక, ఆరు ట్రాక్టర్లు, కంకర వేరే.
వచ్చే సాయానికి అది రెండింతలు.
ఆ సంగతి రాయడానికి మార్జిన్ చాలలేదు,
కాగితం తిప్పి వెనకాల రాశాను.
వెనకవైపు ఎవరైనా చదువుతారా అని ఆమె అడగలేదు.

బండి స్టార్ట్ చేస్తుంటే పిలిచింది.
నల్లగుంత పూడ్చొద్దట.
తీసిన మట్టి ఎండనియ్యొద్దట, తడిగోనె కప్పాలట.

"రెండు గురుగులన్న అయితయి," అంది.
"అదెందుకు ఊరికె పోవాలె."